పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: కాస్మిక్ కిరణాలు, విమానం కంప్యూటర్లు

2025 నవంబర్ 28న ఎయిర్‌బస్ సంస్థ ఎ320 రకం విమానాలు నడిపే అందరికీ ఒక హెచ్చరిక పంపింది. తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమానాన్ని అదుపు చేసే కంప్యూటర్‌లో డేటా చెడిపోవచ్చని, వెంటనే సాఫ్ట్‌వేర్ మార్చాలని అందులో ఉంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 6000 విమానాలకు ఇది వర్తించింది. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచీ డెల్టా ఊళ్ల నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనిషి లేని వీధి లేని ప్రాంతం ఇది, కంగారు పడడంలో వింత లేదు. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి, ఈసారి జాగా అంతా ఈ విషయానికే ఇచ్చాం.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో డ్రైవరండి. సంక్రాంతికి వస్తున్నారు. టికెట్ మీద ఎయిర్‌బస్ ఎ320 అని ఉంది. సూర్యుడి ఎండకి విమానం కంప్యూటర్ పాడైపోతుందని టీవీలో చెప్పారు. టికెట్ మార్చుకోమని చెప్పమంటారా?
– గృహిణి, రాజోలు

జవాబు: వద్దమ్మా, మార్చనక్కర్లేదు. సరిచేయని ఎ320ని ప్రయాణికులతో ఎగరనివ్వకూడదని యూరప్ విమాన భద్రతా సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా అదే చెప్పింది. ఇండిగో, ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ మూడింటికీ కలిపి 338 విమానాలు ఆ జాబితాలో పడ్డాయి. చాలావాటికి అది రెండు మూడు గంటల పనే. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ తీసేసి, దానికి ముందరి వెర్షన్ ఎక్కించారు. కొన్ని పాత విమానాలకు మాత్రం కంప్యూటర్ పెట్టెనే మార్చాల్సి వచ్చింది.

అసలు ఏం జరిగిందో చెబుతాం. 2025 అక్టోబర్ 30న జెట్‌బ్లూ సంస్థ ఎ320 ఒకటి మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి అమెరికాలోని న్యూవార్క్ వెళ్తోంది. పైలట్ ఏమీ చేయకుండానే ముక్కు కిందికి వంగి, విమానం ఉన్నట్టుండి ఎత్తు కోల్పోయింది. టాంపాలో దింపేశారు. కనీసం 15 మందిని ఆస్పత్రికి చేర్చారు. అనుమానం ఎలాక్ అనే కంప్యూటర్ మీదికి వెళ్లింది. ఈ విమానంలో పైలట్ చేతిలో ఉండే పిడికీ రెక్కల పలకలకీ మధ్య ఇనప తీగ ఏమీ ఉండదు. పిడి కదిపితే ఆ సంగతి కంప్యూటర్‌కి అందుతుంది, కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తే హైడ్రాలిక్ జాక్ పలకను కదుపుతుంది. అలాంటి కంప్యూటర్లు ఎ320లో ఏడు ఉంటాయి: ఎలాక్‌లు రెండు, సెక్‌లు మూడు, ఫ్యాక్‌లు రెండు. ముక్కును ఎత్తే దించే ఎలివేటర్లు, పక్కకి వాల్చే ఐలెరాన్లు ఎలాక్ చేతిలో ఉంటాయి.

ఎండ వేడికీ దీనికీ సంబంధం లేదు. మెమరీలో ఒక అంకెను మార్చేసేది అతి వేగంగా వచ్చే అణుకణం. పైగా ఆ అక్టోబర్ 30న చెప్పుకోదగ్గ సౌర తుపానేమీ నమోదు కాలేదు. అందుకే చాలామంది నిపుణులు సూర్యుడి కంటే, నక్షత్ర మండలాల నుంచి అన్ని రోజులూ వచ్చే కాస్మిక్ కిరణాల వైపే చూస్తున్నారు. అవి ఎప్పుడూ తగులుతూనే ఉంటాయి, వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. చెడిన అంకె ఎలివేటర్ దాకా వెళ్లకుండా మధ్యలో ఎవరు పట్టుకోవాలి, ఎందుకు పట్టుకోలేదు అన్నదే భద్రతకు సంబంధించిన ప్రశ్న. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడంతో చాలా విమానాలకు పరిష్కారం దొరికిందంటే తేడా ఆ పట్టుకునే చోటే ఉందని అర్థమవుతుంది.

మీ ఆయనకి ఒక్క మాట చెప్పండి. సీట్లో కూర్చున్నంతసేపూ, బెల్టు లైటు ఆరిపోయినా సరే, బెల్టు తీయవద్దనండి. ఇలాంటి కుదుపుల్లో తల పైకప్పుకి కొట్టుకునేది బెల్టు లేనివాళ్లకే.

ప్రశ్న: ఒక కణం తగిలితే మెమరీలో 0 కాస్తా 1 ఎలా అవుతుంది? ఎన్ని గంటలకి ఒకసారి ఇలా జరుగుతుందో లెక్క కట్టవచ్చా? నేల మీద కూడా ఇలాంటివి జరుగుతాయా?
– ఈసీఈ విద్యార్థి, భీమవరం

జవాబు: కట్టవచ్చు, విమానాల తయారీదారులు కట్టేది కూడా ఇదే లెక్క.

అంతరిక్షం నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు, కొంత హీలియం కేంద్రకాలు, నూటికి ఒకటి బరువైన కేంద్రకాలు. ఇవి నేరుగా విమానాన్ని తాకడం తక్కువ. పైన గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను గుద్ది ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు మరికొన్నింటిని గుద్దుతాయి. ఈ వర్షంలో విద్యుదావేశం లేని న్యూట్రాన్లు చాలా దూరం చొచ్చుకొస్తాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ వికిరణం పెరుగుతుందని 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో సుమారు 5300 మీటర్ల దాకా వెళ్లి కొలిచి చూపించాడు. న్యూట్రాన్‌ని చాడ్విక్ కనిపెట్టింది 1932లో. మీ భీమవరం పక్కనే గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద లివర్‌పూల్‌లో ఆ చాడ్విక్ దగ్గరే పనిచేశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర ప్రయోగశాలకు పునాది వేసింది కూడా ఆయనే. ఇప్పుడు మనం చెప్పుకుంటున్న కథలో ముఖ్యపాత్ర ఆ న్యూట్రాన్‌దే.

న్యూట్రాన్ చిప్‌లోని సిలికాన్ కేంద్రకాన్ని ఢీకొంటే ఆ కేంద్రకం పగిలిపోతుంది, లేదా చోటు తప్పి దూసుకుపోతుంది. ఆ ముక్కకి ఆవేశం ఉంటుంది కాబట్టి పోయిన దారంతా ఎలక్ట్రాన్–హోల్ జతలు (ఊడొచ్చిన ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన చోటు) పుడతాయి. సిలికాన్‌లో ఒక జతకి 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. ఇప్పటి చిన్న ఎస్‌ర్యామ్ (కరెంటు ఉన్నంతసేపూ అంకెల్ని పట్టి ఉంచే మెమరీ) గడిలో అంకెను నిలబెట్టే ఆవేశం సుమారు ఒక ఫెమ్టోకులూంబ్, అంటే 6000 పైచిలుకు ఎలక్ట్రాన్లు. లెక్క వేస్తే 22.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. దూసుకుపోయే ముక్క మోసేది మిలియన్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆపి ఉన్న ట్రాన్సిస్టర్ డ్రెయిన్ దగ్గర ఆ ఆవేశం పోగైతే గడి తిరగబడుతుంది. చిప్ చెడిపోదు, మళ్లీ రాస్తే మామూలుగానే పనిచేస్తుంది. అందుకే దీన్ని సాఫ్ట్ ఎర్రర్ అంటారు.

ఇక లెక్క. 40,000 అడుగుల ఎత్తున, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన న్యూట్రాన్లు చదరపు సెంటీమీటరుకి గంటకి 6000 అని విమాన ఎలక్ట్రానిక్స్ ప్రమాణం తీసుకుంటుంది. సముద్ర మట్టాన న్యూయార్క్‌లో ఇది 13. ఒక బిట్ (మెమరీలోని ఒక 0 లేదా 1) తిరగబడే అవకాశాన్ని వైశాల్యంగా చెబుతారు. పాత తరం ఎస్‌ర్యామ్‌కి చదరపు సెంటీమీటరులో కోటి కోట్ల వంతు అనుకోండి. ఒక మెగాబైట్ అంటే సుమారు 84 లక్షల బిట్లు. మూడూ గుణిస్తే గంటకి 0.0005 వస్తుంది. అంటే 2000 గంటలకి ఒక తప్పు. ఒక్క విమానానికి ఇది చిన్నదే. వందల విమానాలు రోజుకి పదేసి గంటలు ఎగిరే సంస్థలో మాత్రం ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట బిట్ తిరగబడుతూనే ఉంటుందన్నమాట.

దాన్ని పట్టుకునేవి మూడు వరసలు. మొదటిది ఈసీసీ, అంటే తప్పును పట్టి దిద్దే కోడ్: 64 బిట్ల మాటకి (వర్డ్) 8 తనిఖీ బిట్లు చేరిస్తే ఒక తప్పును దిద్దుకుంటుంది, రెండు తప్పులుంటే ఉన్నాయని చెబుతుంది. ఒట్టి పారిటీ బిట్ అయితే తప్పుందని చెప్పగలదు, దిద్దలేదు. ఒకే కణం పక్కపక్క గడుల్ని తిరగేస్తే ఈసీసీ కూడా ఓడిపోతుంది కాబట్టి, ఒకే మాటలోని బిట్లను చిప్ మీద దూరదూరంగా పరుస్తారు. చదవని మెమరీలో తప్పులు పోగుపడకుండా మొత్తాన్ని పదే పదే చదివి దిద్దే స్క్రబ్బింగ్ కూడా ఉండాలి. రెండో వరసలో ఒకే పెట్టెలో ఆజ్ఞ ఇచ్చే భాగం, దాన్ని కాపు కాసే భాగం వేరువేరుగా లెక్కేసుకుంటాయి. తేడా వస్తే ఆ పెట్టె తప్పుకుంటుంది, ఇంకోటి అందుకుంటుంది. మూడోది తయారీలోనే తేడా. బోయింగ్ 777లో ముఖ్య కంప్యూటర్లు మూడు, ఒక్కోదాంట్లో మూడు వరసలు, ఆ మూడింట్లో మూడు వేర్వేరు కంపెనీల ప్రాసెసర్లు: ఇంటెల్, మోటరోలా, ఏఎండీ. చెడిన కాటా ఒక్కటే పెట్టుకుని ముగ్గురు తూచినా ధాన్యం తూకం తప్పే వస్తుంది కదా, అందుకన్నమాట. విమానం కూలే స్థాయి వైఫల్యం వంద కోట్ల గంటలకి ఒకసారి కంటే అరుదుగా ఉండాలన్నది నియమం. ఈ వరసలన్నీ ఆ ఒక్క అంకెను చేరడానికే.

ఎఫ్‌పీజీఏలతో (లోపలి సర్క్యూట్‌ని మనమే అల్లుకోగల చిప్‌లతో) ప్రాజెక్టు చేస్తుంటే ఇదీ గుర్తుపెట్టుకోండి. ఎస్‌ర్యామ్ రకంలో డేటా ఒక్కటే కాదు, సర్క్యూట్ అల్లికే మెమరీలో ఉంటుంది. అక్కడ బిట్ తిరగబడితే గేటు వేరే గేటైపోతుంది. ఫ్లాష్, యాంటీఫ్యూజ్ రకాలకి ఆ బాధ దాదాపు లేదు.

నేల మీద కూడా ఇలాంటివి జరుగుతాయా అని అడిగారు. 2003 మే 18న బెల్జియంలో, బ్రసెల్స్ పక్కనున్న స్కార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ లెక్కలో ఒక అభ్యర్థికి సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. 4096 అంటే రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, ఒక్క బిట్ తేడా. యంత్రాన్ని ఎంత పరీక్షించినా లోపం దొరకలేదు. కాస్మిక్ కిరణమేనని నిరూపణ కాలేదు కానీ, సరిపోయే వివరణ ఇంకోటి లేకపోయింది.

ప్రశ్న: ఎక్స్‌రే గదికి సీసం రేకు వేస్తారు కదా. కంప్యూటర్ పెట్టె చుట్టూ వేస్తే సరిపోదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: సరిపోదు మాస్టారూ. సీసం ఎక్స్‌రేలకి పనికొస్తుంది. వేగం గల న్యూట్రాన్‌కి సీసం అడ్డే కాదు, పైగా సీసం కేంద్రకాన్ని గుద్దినప్పుడు మరికొన్ని న్యూట్రాన్లు పుడతాయి. న్యూట్రాన్‌ని నెమ్మదింపజేసేది హైడ్రోజన్ ఎక్కువున్న నీరు, ప్లాస్టిక్, కాంక్రీటు. అవి కూడా అడుగుల మందం ఉండాలి. అంత బరువు విమానం మోయలేదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇంధనం, ప్రయాణికుల శరీరాలు న్యూట్రాన్లను నెమ్మదింపజేస్తాయి, ఆ నెమ్మదించినవి చిప్‌లో బోరాన్–10 ఉంటే దాన్ని ఆల్ఫా కణంగా, లిథియంగా పగలగొడతాయి. ఒకప్పుడు చిప్‌ల మీద బోరాన్ కలిపిన గాజు పొర వేసేవారు. ఈ సంగతి తేలాక చాలా కంపెనీలు దాన్ని మానేశాయి.

ప్రశ్న: మధురపూడి నుంచి హైదరాబాద్‌కి చిన్న ఏటీఆర్ ఎక్కడం మంచిదా, ఎయిర్‌బస్సా?
– వ్యాపారి, రాజమహేంద్రవరం

జవాబు: ఈ విషయంలో రెండూ ఒకటే. ఏటీఆర్ 25,000 అడుగులు దాటదు, అక్కడ న్యూట్రాన్లు బాగా తక్కువ. దాని ముఖ్యమైన పలకలు తీగలు, కడ్డీలతోనే కదులుతాయి కాబట్టి బిట్ తిరగబడి ఎలివేటర్ కదలడమన్నది అందులో లేదు. ఎయిర్‌బస్ ఎత్తుగా ఎగిరినా గంటలోపే దిగిపోతుంది. టైం, టికెట్ ధర చూసుకుని ఎక్కండి.

ప్రశ్న: నేను విమాన నిర్వహణ కోర్సు చదువుతున్నానండి. ఫ్లైట్‌లో ఫాల్ట్ వచ్చి, నేల మీద పరీక్షిస్తే ఏమీ లేకపోతే అది కాస్మిక్ కిరణమే అనుకుని రీసెట్ చేసి వదిలేయవచ్చా? 2008లో ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ విమానానికి ఇలాగే జరిగిందని మా సార్ అన్నారు.
– విద్యార్థి, రావులపాలెం

జవాబు: వదిలేయకూడదు. ఆ క్వాంటాస్ సంఘటనే అందుకు కారణం, కాబట్టి దాన్ని పూర్తిగా చూద్దాం.

2008 అక్టోబర్ 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న ఎ330, ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర 37,000 అడుగుల మీద ఉంది. మనుషులు 315 మంది. వేగం, ఎత్తు, గాలికి రెక్క చేసే కోణం వంటివి లెక్కించి ఇచ్చే ఏడీఐఆర్‌యూ పెట్టెలు మూడుంటాయి. మొదటిది తప్పుడు విలువలు పంపడం మొదలెట్టింది. ఎత్తు తాలూకు అంకె కోణం పేరుతో బయటికి వచ్చింది. విమానం రెండుసార్లు ముక్కు దించేసింది, మొదటిసారి 650 అడుగులు, రెండోసారి 400 అడుగులు కిందికి పోయింది. వంద మందికి పైగా గాయపడ్డారు. లియర్‌మంత్‌లో దింపారు.

మిగతా రెండు పెట్టెలూ సరిగ్గానే ఉన్నాయి కదా, తప్పు విలువ ఎలా గెలిచిందంటారా? కోణం విలువ ఒక్కసారిగా ఎగిస్తే, ముఖ్య కంప్యూటర్ దాన్ని నమ్మకుండా అంతకు ముందరి విలువనే 1.2 సెకన్లు పట్టుకుని ఉంటుంది. సరిగ్గా ఆ 1.2 సెకన్లు ముగిసే క్షణానికి ఇంకో తప్పుడు విలువ వస్తే మాత్రం దాన్ని నిజమని తీసుకుంది. డిజైన్‌లో ఉన్న ఆ చిన్న సందులోంచే తప్పు ఎలివేటర్‌కి చేరింది. ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ 2011 డిసెంబర్‌లో ఇచ్చిన తుది నివేదిక ఈ సందును స్పష్టంగా చూపించింది. ఏడీఐఆర్‌యూ మొదట ఎందుకు పిచ్చి విలువలు పంపిందో మాత్రం తేలలేదు. కాస్మిక్ కణం కావచ్చు గానీ, అవునని చెప్పే ఆధారం చాలదన్నారు.

మీకు పనికొచ్చే విషయం ఇక్కడుంది. అదే విమానంలో, అదే పెట్టె, 2006 సెప్టెంబర్‌లో కూడా ఇలాగే ప్రవర్తించింది. 2008 డిసెంబర్‌లో ఇంకో ఎ330లో అదే రకం పెట్టె ఒకటి చేసింది. లోకం మొత్తం మీద తెలిసినవి ఈ మూడే, అందులో రెండు ఒకే పెట్టె చేసినవి. ఒట్టి కాస్మిక్ కిరణమే అయితే అది పెట్టె నంబరు చూసి తగలదు. ఆ పెట్టెలో ఏదో బలహీనత కూడా ఉండి ఉండాలని మా అభిప్రాయం. సీరియల్ నంబరుతో చరిత్ర రాసుకోకపోతే ఇలాంటి సంబంధం ఎవరికీ కనబడదు.

కాబట్టి చేయాల్సిన పని ఇదీ. కరెంటు తీసేలోపే పోస్ట్ ఫ్లైట్ రిపోర్టు ప్రింట్ తీయండి. అందులో ఫాల్ట్ సందేశం, మాన్యువల్‌లో అధ్యాయం నంబరు (ఎలాక్ అయితే 27, ఏడీఐఆర్‌యూ అయితే 34), గ్రీన్‌విచ్ టైం, ప్రయాణంలో ఏ దశలో వచ్చిందన్నది ఉంటాయి. పైలట్ లాగ్‌బుక్‌లోంచి ఎత్తు, స్థానం దానికి జతచేయండి. ఎత్తు, అక్షాంశం లేని రికార్డుతో కాస్మిక్ కిరణం సంగతి ఎప్పటికీ తేలదు. ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పిన వరసలోనే అంతర్గత పరీక్ష నడపండి. అది పాసైతే పెట్టె లాగి, వెనక ర్యాక్ కనెక్టర్ పిన్నులు టార్చి వేసి చూడండి: వంగిందా, లోపలికి పోయిందా, పచ్చటి తుప్పు పట్టిందా. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే చోట పార్క్ చేసే విమానాలకి ఇది మరీ ముఖ్యం. వచ్చి పోయే ఫాల్ట్‌లకి కణాల కంటే పిన్నులు, తేమ, వదులైన ఎర్త్, క్షణకాలం కరెంటు పోవడం, చల్లగాలి గొట్టం మూసుకుపోవడం ఎక్కువసార్లు కారణమవుతాయి. మాన్యువల్ ఒప్పుకుంటే ఒకటో పెట్టెనీ రెండో పెట్టెనీ మార్చి పెట్టండి. ఫాల్ట్ పెట్టె వెంట వెళ్తే దోషం పెట్టెది, ఉన్న చోటే ఉంటే వైరింగ్‌ది.

రీసెట్‌తో పోయిందంటే సాఫ్ట్ ఎర్రర్ అనుకోవడం కూడా తొందరపాటే. లాచప్ అని ఇంకోటి ఉంది. కణం తగిలి చిప్ లోపల కరెంటుకి దొంగదారి తెరుచుకుంటుంది. కరెంటు అమాంతం పెరిగి, పవర్ తీసేదాకా ఆగదు. పవర్ తీసి వేస్తే బాగయినట్టే కనబడుతుంది, లోపలి తీగ మాత్రం సన్నబడి ఉంటుంది. షాపుకి పంపేటప్పుడు ‘లోపం లేదు’ అని ఎన్నోసారి తిరిగొచ్చిందో కాగితం మీద రాసి పంపండి. రెండు మూడుసార్లు అలా తిరిగొచ్చిన పెట్టెను మళ్లీ బిగించడానికి ఒప్పుకోవద్దు.

ప్రశ్న: మా కోడలు గర్భిణి. అమెరికా వెళ్లే విమానం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుందట. పెద్ద సౌర తుపాను వస్తే ఎలా?
– అత్తగారు, అమలాపురం

జవాబు: ధ్రువం వైపు వికిరణం ఎక్కువన్నది నిజం. భూమి అయస్కాంత క్షేత్రం ఆవేశమున్న కణాల్ని వంచేస్తుంది. మన దక్షిణాసియా మీద ఆ కాపలా ప్రపంచంలోనే గట్టిది. ఇక్కడ గాలిలోకి నిలువునా దిగాలంటే కణానికి దాదాపు 17 గిగావోల్టుల దార్ఢ్యం (అయస్కాంత క్షేత్రానికి వంగిపోకుండా దూసుకొచ్చే బలం) కావాలి, ధ్రువం దగ్గర అడ్డే లేదు. అందుకే ఒకే ఎత్తున ఎగిరినా ధ్రువం దారిలో న్యూట్రాన్లు మన మీదకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ.

మనుషులకి వచ్చే మోతాదు చూస్తే, మన అక్షాంశాల్లో గంటకి రెండు మూడు మైక్రోసీవర్ట్‌లు (వికిరణం మోతాదుకి కొలమానం), ఉత్తరాన ఐదు నుంచి ఎనిమిది. హైదరాబాద్–కువైట్‌కి 10–15, అమెరికా ప్రయాణానికి ఒక వైపు 100కి అటూ ఇటూ. విమాన సిబ్బందిలో గర్భిణులకి, కడుపులో బిడ్డకి 1000 మైక్రోసీవర్ట్‌లు దాటకూడదని అంతర్జాతీయ సిఫారసు. రానుపోను కలిపినా మీ కోడలికి అందులో ఐదో వంతు. వికిరణం గురించి దిగులొద్దు. పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దానికంటే పెద్దది, దాని గురించి డాక్టరమ్మని అడగండి. గంటకోసారి లేచి నడవమనండి.

సౌర తుపాను సంగతి వేరు. కొన్నింటిలో సూర్యుడి ప్రోటాన్లు నేల మీది పరికరాలకి కూడా అందేంత శక్తితో వస్తాయి. 1956 ఫిబ్రవరి 23న వచ్చినది కొలిచినవాటిలో అతి పెద్దది. 2025 నవంబర్ 11న కూడా ఒకటి వచ్చింది. ఇవి కొన్ని గంటలే ఉంటాయి. 2019 నవంబర్ నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పాటు చేసిన కేంద్రాలు ఇలాంటప్పుడు విమానాలకి హెచ్చరికలు పంపుతున్నాయి. ధ్రువం దారి మానుకుని దక్షిణంగా పోవడం, ఎత్తు కొన్ని వేల అడుగులు తగ్గించడం అప్పుడు చేసే పనులు. ఇంధనం కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అలాంటి ఆలస్యానికి విసుక్కోవద్దు.

ప్రశ్న: ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టమనేది దీని కోసమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, పాలకొల్లు

జవాబు: కాదు బాబూ. ఫోన్ పంపే రేడియో తరంగాలు పైలట్ల హెడ్‌సెట్‌లో టిక్‌టిక్‌మని వినపడకుండా, విమానం రేడియో పరికరాలకి అడ్డురాకుండా అలా పెట్టమంటారు. న్యూట్రాన్‌కి ఫోన్ ఏ మోడ్‌లో ఉన్నా ఒకటే. పైన ఎగిరేటప్పుడు నీ ఫోన్ మెమరీలోనూ ఎప్పుడైనా ఒక బిట్ తిరగబడవచ్చు. ఫొటోలో ఒక చుక్క రంగు మారితే ఎవరూ గమనించరు.

ప్రశ్న: మాది స్ప్రే డ్రోన్. పొద్దుగూకాక వరిచేల మీద ఎగరేస్తే ఒక్కోరోజు జీపీఎస్ నాలుగైదు మీటర్లు పక్కకి పోతోంది. ఇది కూడా ఈ కిరణాలేనా?
– డ్రోన్ ఆపరేటర్, ఆచంట

జవాబు: కిరణాలు కాదు గానీ సూర్యుడి చేయి ఉండవచ్చు. భూమికి వందల కిలోమీటర్ల పైన అయనోస్ఫియర్ ఉంటుంది, జీపీఎస్ సంకేతం దాన్ని దాటుకుని రావాలి. అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉండే మనలాంటి చోట, పొద్దుగూకాక ఆ పొరలో బుడగల్లాంటివి లేచి సంకేతం మిణుకుమిణుకుమంటుంది. మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి దాకా ఇది ఎక్కువ. విశాఖలో ఆచార్య రంగధామరావు గారు మొదలుపెట్టిన అయనోస్ఫియర్ పరిశోధన ఈ పొర గురించే. విమానాలకి జీపీఎస్ తప్పులు దిద్దే మన గగన్ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టినప్పుడు అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది కూడా ఇదే.

ముందు మామూలు కారణాలు చూసుకోండి. కొబ్బరితోట గట్టు పక్కన సగం ఆకాశం మూసుకుపోతుంది. హైటెన్షన్ లైను కింద దిక్సూచి తప్పు చూపుతుంది. పగలంతా బాగుండి, చీకటి పడ్డాకే, అదీ కొన్ని రోజులే తేడా వస్తుంటే అయనోస్ఫియర్ అనుకోవచ్చు. రెండు పౌనఃపున్యాలు అందుకునే ఆర్‌టీకే రిసీవర్ (నేల మీది స్థిర కేంద్రం సాయంతో స్థానాన్ని దిద్దుకునేది) వేస్తే చాలావరకు తగ్గుతుంది. తెల్లవారుజామున మందు కొట్టుకుంటే ఖర్చే లేదు.

ప్రశ్న: మా రైస్ మిల్లులో మోటారు డ్రైవ్ పేలిపోయింది. ఐజీబీటీ పోయిందన్నారు. కాస్మిక్ కిరణం తగిలి ఉంటుందని ఒకాయన చెప్పాడు. నమ్మవచ్చా?
– మిల్లు యజమాని, మండపేట

జవాబు: ఆయన చెప్పినది కల్పన కాదు, మీ విషయంలో మాత్రం అది ఆఖరున అనుమానించాల్సినది. 1990ల మొదట్లో కరెంటు రైలింజన్లలో వాడే ఎక్కువ వోల్టేజీ పరికరాలు ఏ ఒత్తిడీ లేకుండానే కాలిపోయేవి. వాటినే ఉప్పుగని లోతుల్లో పెట్టి పరీక్షిస్తే కాలలేదు. కాస్మిక్ కిరణమే కారణమని అలా తెలిసింది. ఐజీబీటీ అంటే ఎక్కువ కరెంటుని చకచకా వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చి. ఆపి ఉన్న ఐజీబీటీ తన పరిమితికి దగ్గరగా వోల్టేజీ మోస్తున్నప్పుడు న్యూట్రాన్ తగిలితే లోపల తీగలా కరెంటు పారి కాలిపోతుంది. వోల్టేజీ తగ్గిస్తే ఈ ప్రమాదం ఎన్నో రెట్లు పడిపోతుంది. బోయింగ్ 787లో ప్లస్, మైనస్ 270 వోల్టుల డీసీ లైన్లుంటాయి. ఇలాంటి చోట పరికరాలు ఎంచేటప్పుడు పరిమితిలో సగం దరిదాపుల్లోనే వాడడానికి కారణం అదే.

మీ డ్రైవ్‌లో 415 వోల్టుల త్రీఫేజ్‌ని డీసీ చేస్తే సుమారు 587 వోల్టులు. లోపలి ఐజీబీటీ మామూలుగా 1200 వోల్టులది. సగమే మోస్తోంది, అదీ సముద్ర మట్టాన. కాబట్టి ముందు డీసీ కెపాసిటర్లు చూడండి: తల ఉబ్బిందా, కింద జిగురు కారిందా. ఊకదుమ్ము బోర్డు మీద పేరుకుని వానాకాలం చెమ్మకి దారి ఇచ్చిందా చూడండి. ఇన్‌పుట్ చోక్ ఉందా, పిడుగు నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్ పనిచేస్తోందా, టెర్మినల్ స్క్రూలు వదులయ్యాయా అన్నవి తర్వాత. లోడుతో గిరగిరా తిరిగే పెద్ద చక్రాన్ని డ్రైవ్ ఒక్కసారిగా ఆపుతుంటే డీసీ వోల్టేజీ 750 దాటిపోతుంది, బ్రేకింగ్ రెసిస్టర్ తెగిపోయిందేమో మీటరు పెట్టి చూపించుకోండి. ఇవన్నీ చూడకుండా కొత్త ఐజీబీటీ ఒక్కటే వేయించుకుంటే అదీ త్వరలోనే పోతుంది. పోయినది ఐజీబీటీ అయితే దాని గేట్ డ్రైవర్ బోర్డు కూడా పరీక్షించకుండా బిగించనివ్వకండి.